ఫ్రేజర్ టౌన్ ఆదివారం అరబ్బీ క్లాసు: పాఠం బాగుంది, జిరాక్సులే బాగాలేవు

మొదటి రోజు చేతికిచ్చిన జిరాక్సు నోట్సులో 17వ పేజీ. రెండు గళ్ళ పట్టిక. ఈ గడిలో ఒక అరబ్బీ మాట, ఆ గడిలో ఇంకో అరబ్బీ మాట. రెండింట్లోనూ అవే అక్షరాలు, అదే వరస, ఒక్క చుక్క కూడా తేడా లేదు. కింద ఉర్దూలో అర్థాలు. పక్కన కూర్చున్న అమ్మాయి చదివి చెప్పింది: మొదటిదానికి ‘పెళ్ళి చేసుకోకండి’ అట, రెండోదానికి ‘పెళ్ళి చేసి ఇవ్వకండి’ అట. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. ఏం లాభం లేదు. తేడా అంతా క్రియ మొదటి అక్షరం మీద ఉండాల్సిన గుర్తులో ఉంది. ఒకచోట జబర్ (‘అ’ పలికించే గుర్తు) ఉండాలి, ఇంకోచోట పేష్ (‘ఉ’ పలికించే గుర్తు) ఉండాలి. జిరాక్సు మిషను రెండింటినీ మింగేసి కూర్చుంది.

ఆ నోట్సుకి ఫీజు కాకుండా విడిగా 250 రూపాయలు తీసుకున్నారు. అందుకే ముందు దాని గురించి రాసేశాను.

ఇక వివరాలు. బెంగళూరు ఫ్రేజర్ టౌన్‌లో, మాస్క్ రోడ్డుకి ఆనుకుని ఉన్న ఒక సందులో, మెస్సు పైన రెండో అంతస్తు. 12 ఆదివారాలు, పొద్దున పదిన్నర నుంచి ఒంటిగంట దాకా. ఫీజు 3,600. ఖురాన్‌లో నిఖా, తలాక్ గురించిన ఆయత్‌లను, అంటే వాక్యాలను, పట్టుకుని అరబ్బీ వ్యాకరణం నేర్పుతారు. క్లాసు పేరు రాయడం లేదు. చిన్న సంస్థ, మంచి మనుషులు, నా ఫిర్యాదులేమో కొంచెం ఎక్కువే ఉన్నాయి. మొత్తం మీద ఐదుకి మూడున్నర ఇస్తాను. ఆ మూడున్నరలో మూడు పూర్తిగా పాఠం చెప్పే ఉస్తాద్ గారివే.

నా సంగతి చెప్తే గానీ ఈ రివ్యూ ఎవరి కళ్ళతో రాసిందో మీకు అర్థం కాదు. మాది తాడిపత్రి. దూదేకులవాళ్ళం. ఇంట్లో తెలుగు తప్ప ఇంకో మాట లేదు. మా జేజి ఐదు పూటలా నమాజు చదివేది, పీర్ల పండక్కి గూగూడు కుళ్ళాయస్వామి దగ్గరికి తప్పకుండా పోయేది, ఉర్దూ మాత్రం చచ్చినా అర్థమయ్యేది కాదు. నాకూ అంతే. చిన్నప్పుడు మదర్సాలో జేర్, జబర్, పేష్ పెట్టుకుని ఖురాన్ గడగడా చదవడం నేర్పారు. అర్థం ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. బెంగళూరు వచ్చి పదకొండేళ్ళయింది. వైట్‌ఫీల్డ్‌లో ఒక కంపెనీలో పేరోల్ చూస్తాను. ఇల్లు అద్దెకు అడగడానికి వెళ్తే నా పేరు వినగానే ఓనరు ఉర్దూ అందుకుంటాడు, నేను కన్నడలో జవాబు చెప్తాను, ఇద్దరం కాసేపు ఒకరి మొహం ఒకరం చూసుకుంటాం. ‘ముస్లిమై ఉండి ఉర్దూ రాదా’ అన్న మాట ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. ఆ బెరుకుతోనే క్లాసుకి వెళ్ళాను.

చేరడానికి కారణం మా చెల్లెలు. ఆరేళ్ళ కిందట ఆమె విషయంలో మా ఇంట్లో ఒక పంచాయితీ జరిగింది. అందులో అందరూ ఖురాన్ పేరు చెప్పే మాట్లాడారు, చూపించి మాట్లాడినవాళ్ళు ఒక్కరూ లేరు. అది తర్వాత చెప్తాను.

ఉస్తాద్ గారిది భట్కళ్. యాభై దాటిన మనిషి, సన్నటి గొంతు, బోర్డు మీద మాత్రం పెద్ద పెద్ద అక్షరాలు. అక్కడి ముస్లింలు చాలామంది షాఫయీ పద్ధతివాళ్ళు. (ఇస్లాం ధర్మశాస్త్రంలో షాఫయీ, హనఫీ, మాలికీ అని వేర్వేరు పద్ధతులున్నాయి.) క్లాసులో మేమందరం హనఫీలం. ఆయనకు అది ఇబ్బంది కాలేదు సరికదా సరదా అయింది. ప్రతి ఆయత్‌కీ మమ్మల్ని షాఫయీ తరఫున వాదించమంటాడు, తాను హనఫీ తరఫున నిలబడతాడు. సగం సార్లు మమ్మల్ని మా పద్ధతి వైపు నుంచే ఓడించాడు. ‘ఇది ఫత్వా క్లాసు కాదు, మీ ఇంటి గొడవలకు తీర్పు అడగొద్దు’ అని మొదటి రోజే చెప్పేశాడు. నాకు ఉర్దూ రాదని తెలిశాక ముఖ్యమైన చోట ఆగి కన్నడలో ఇంకోసారి చెప్పేవాడు. దానికి ఫీజులో భాగం లేదు, అయినా చెప్పాడు.

మొదటి నాలుగు వారాలు మాత్రం పరుగే. అరబ్బీలో నామవాచకం చివర మూడు రకాలుగా మారుతుంది: రఫా, నసబ్, జర్. మనం బళ్ళో ‘డు, ము, వు, లు ప్రథమా విభక్తి’ అని బట్టీ పట్టాం చూడండి, అలాంటిదే, కాకపోతే ఏడింటి పని మూడింటితో నడుపుతారు. మన విభక్తి మాటకు బయట అతుక్కుంటుంది, కళ్ళకు కనిపిస్తుంది. వాళ్ళది చాలావరకు చివరి అక్షరం మీద ఒక గుర్తు, అంతే. ఈ సంగతి నాకు వంటబట్టేసరికి క్లాసు ఆరో వారంలో ఉంది. వ్యాకరణం అసలు తెలియనివాళ్ళు చేరేముందు ఇంట్లో కొంచెం చూసుకుని వెళ్ళండి. కరపత్రంలో ‘ఏమీ రాకపోయినా పర్వాలేదు’ అని ఉంటుంది, నమ్మకండి.

ఐదో వారం నుంచి అసలు క్లాసు. ఆ రోజే 17వ పేజీ వచ్చింది.

ఖురాన్ రెండో సూరా, అంటే రెండో అధ్యాయం, 221వ ఆయత్. బహుదైవారాధన చేసే స్త్రీలను పెళ్ళి చేసుకోకండి అని మొదట వస్తుంది. అక్కడ క్రియ ‘లా తన్కిహూ’. వెంటనే, ఆ మగవాళ్ళకు పెళ్ళి చేసి ఇవ్వకండి అని వస్తుంది. అక్కడ ‘లా తున్కిహూ’. త మీద జబర్ ఉంటే చేసుకోవడం, పేష్ ఉంటే చేసి ఇవ్వడం. ఉర్దూ వచ్చినవాళ్ళకు ఉస్తాద్ గారు దీన్ని పావుగంట చెప్పాడు. నాకు అర నిమిషం పట్టలేదు. మనకు ‘చేసుకో’, ‘చెయ్’ లేవా? అమ్మాయి పెళ్ళి చేసుకుంటుంది, నాన్న పెళ్ళి చేస్తాడు. ‘కొను’ చేరితే ఎవరి పని వాళ్ళది. చెయ్యెత్తి కన్నడలో చెప్పాను. ఆయన ఒక్క క్షణం ఆగి, ‘తెలుగువాళ్ళకు ఈ పాఠం ఫ్రీ’ అన్నాడు.

కానీ ఆ జబర్, పేష్ గొడవ అక్కడితో అయిపోదు. అల్లా మగవాళ్ళతో మాట్లాడుతూ ‘ఆడవాళ్ళను వాళ్ళకు చేసి ఇవ్వకండి’ అన్నాడు కాబట్టి, ఆడపిల్ల పెళ్ళి చేసే అధికారం వలీది, అంటే తండ్రో అన్నో ఉంటేనే నిఖా అని షాఫయీలు, మాలికీలు ఈ ఆయత్‌ను సాక్ష్యం పెట్టుకుంటారు. హనఫీలు కొంచెం ముందుకు తిప్పమంటారు. 230వ ఆయత్‌లో ‘హత్తా తన్కిహ జౌజన్ గైరహ్’ అని ఉంది: ఆమె ఇంకొక భర్తను చేసుకునేదాకా. అక్కడ కర్త ఆమె. 232లోనూ అంతే, వాళ్ళు తమ భర్తలను చేసుకోవడాన్ని అడ్డుకోకండి అని, క్రియ స్త్రీ బహువచనం. చేసుకునేది ఆమె అని ఖురానే అంటుంటే, యుక్తవయసు వచ్చిన ఆడమనిషి తన నిఖా తాను చేసుకుంటే చెల్లుతుంది అని వాళ్ళ వాదం. షాఫయీలు దానికీ జవాబిస్తారు: అడ్డుకోకండి అని వలీలకే చెప్పాడంటే, అడ్డుకునే అధికారం వాళ్ళ చేతిలో ఉన్నట్టే కదా అని. ఒకే ఆయత్ రెండు వైపులా సాక్షి. ఆ రోజు క్లాసు ఒంటిగంటకు కాదు, రెండింటికి అయింది. కింద మెస్సులో కబాబ్ వాసన కిటికీలోంచి వస్తూనే ఉంది, ఎవరూ లేవలేదు.

నాకు అన్నిటికంటే నచ్చింది ఏడో వారం. ఒక్క నూన్ అక్షరం, అంటే మన ‘న’, కోసం రెండున్నర గంటలు.

అదే సూరా 237. మెహర్, అంటే పెళ్ళిలో భర్త భార్యకు ఇస్తాననే సొమ్ము, మాట్లాడుకున్నారు, కానీ కాపురం మొదలుకాకముందే తలాక్ అయింది. అప్పుడు సగం మెహర్ ఇవ్వాలి. ‘ఇల్లా అన్ యఅఫూన’, వాళ్ళు వదులుకుంటే తప్ప. ఎవరు వదులుకుంటే? తెలుగులో ‘వాళ్ళు’ అంటే మగవాళ్ళూ కావచ్చు, ఆడవాళ్ళూ కావచ్చు. ఇక్కడ మన భాష చేతులెత్తేస్తుంది. అరబ్బీలోనూ పైకి చూస్తే అదే ఇబ్బంది. ‘యఅఫూన’ అన్నది మగవాళ్ళకూ సరిపోతుంది, ఆడవాళ్ళకూ సరిపోతుంది, రాత ఒకటే. కానీ ముందు ‘అన్’ ఉంది. ‘అన్’ వచ్చిందంటే మగవాళ్ళ బహువచనం చివర నూన్ రాలిపోవాలి, ‘యఅఫూ’ అయిపోవాలి. ఇక్కడ నూన్ నిలబడే ఉంది. అది ఆడవాళ్ళ నూన్, ఏది వచ్చినా రాలదు. కాబట్టి మెహర్ వదులుకునేది ఆడవాళ్ళు. అదే ఆయత్‌లో కొంచెం అవతల ‘వ అన్ తఅఫూ’ అని ఉంది, మీరు వదులుకుంటే అది ఇంకా మంచిది అని. అక్కడ నూన్ రాలిపోయింది చూడండి అని ఉస్తాద్ గారు బోర్డు మీద ఆ ఖాళీ చోట చాక్‌పీసుతో సున్నా చుట్టాడు. లేని అక్షరానికి సున్నా చుట్టిన మనిషిని నేను మొదటిసారి చూడడం.

ఈ రెంటికీ మధ్యలో ‘ఎవరి చేతిలో నిఖా ముడి ఉందో అతను వదులుకుంటే’ అని ఒక మాట ఉంది. అతనెవరు? భర్త అని హనఫీలు, అంటే మిగతా సగం కూడా ఇచ్చేస్తాడని. ఆడపిల్ల వలీ అని మాలికీలు, అంటే ఆమె తరఫున అతను వదిలేస్తాడని. ఇక్కడ వ్యాకరణం సాయం చెయ్యదు, క్రియ ఏకవచనం, పుంలింగం, ఇద్దరికీ సరిపోతుంది. ఎంత నూన్ లెక్కపెట్టినా తేలనిది కొంత మిగిలిపోతుందని ఆ రోజు తెలిసింది.

నలుగురు భార్యల ఆయత్, నాలుగో సూరా 3వది, ఎనిమిదో వారం. ‘మస్నా వ సులాస వ రుబాఅ’. ‘రెండు మరియు మూడు మరియు నాలుగు’ అని ముక్కకు ముక్క పెడితే తొమ్మిది అవుతుంది, అలా వాదించినవాళ్ళూ ఉన్నారట. కానీ ఇవి మామూలు అంకెలు కావు. పంచిపెట్టే అంకెలు. మనకు వీటికి ‘ఏసి’ ఉంది: ఇద్దరేసి, ముగ్గురేసి, నలుగురేసి. పెళ్ళి భోజనాల్లో ‘బంతికి ఇద్దరేసి, ముగ్గురేసి, నలుగురేసి కూర్చోండి’ అంటే ఇద్దరూ ముగ్గురూ నలుగురూ కలిపి తొమ్మిదిమంది అని ఎవరనుకుంటారు? దేవదూతలకు రెండేసి, మూడేసి, నాలుగేసి రెక్కలు అని 35వ సూరా మొదట్లో ఇవే మూడు మాటలు వస్తాయి. న్యాయం చెయ్యలేమని భయముంటే ‘ఫ వాహిదతన్’, ఒక్కరినే. ఆ చివర జబర్‌లు ఉన్నాయి కాబట్టి ‘చేసుకోండి’ అన్న క్రియ లోపల దాగి ఉందట. ఇది అందరికీ తెలిసిన ఆయతే కాబట్టి ఇంతకంటే రాయను.

తొమ్మిదో వారం అత్తగారి గురించి. భార్యకు ముందు భర్త వల్ల పుట్టిన కూతురిని చేసుకోకూడదు, ‘మీరు కాపురం చేసిన’ భార్య కూతురైతే. ఆ షరతు అత్తగారికి కూడా వర్తిస్తుందా, లేక నిఖా అయిన నిమిషం నుంచే అత్తగారు తల్లితో సమానమా? తెలుగులో ‘మీరు కాపురం చేసిన’ అన్న విశేషణం ముందే వచ్చి తన మాట పక్కన కూర్చుంటుంది. అరబ్బీలో వాక్యం చివర్న వస్తుంది, వెనక ‘మీ భార్యలు’ అన్న మాట రెండుసార్లు ఉంది. ఒకటి షష్ఠిలో, రెండోది ‘మిన్’ అనే విభక్తి మాట కింద. ఇద్దరు వేరువేరు యజమానుల కింద ఉన్న మాటలకు కలిపి ఒకే విశేషణం పెట్టకూడదని వ్యాకరణం, కాబట్టి షరతు కూతురికే, అత్తగారు మొదటి నిమిషం నుంచే నిషిద్ధం. ఎక్కువమంది పండితులది ఇదే మాట.

పదో వారం నవ్వులే నవ్వులు. నిఖాలో ఇచ్చే మాట, ఒప్పుకునే మాట భూతకాలంలో ఉండాలని హనఫీ పుస్తకాలు చెప్తాయి: ‘జవ్వజ్తు’, ‘ఖబిల్తు’. చేశాను, ఒప్పుకున్నాను. రాబోయే కాలంలో చెప్తే అది మాట ఇవ్వడం అవుతుంది, పని అవ్వడం కాదు. మన భాషలో ఇది ఇంకా బాగా తెలుస్తుంది. ‘ఒప్పుకుంటాను’ అంటే రేపటి సంగతి, ‘ఒప్పుకున్నాను’ అంటే అయిపోయింది. ‘కబూల్ హై’ (ఒప్పుకోలే) సరా, ‘కబూల్ కియా’ (ఒప్పుకున్నాను) అనాలా అని శివాజీనగర్ నుంచి వచ్చే ఒక పెద్దావిడ గట్టిగా పట్టుకుంది. నా నిఖా గుర్తొచ్చింది. వకీలూ (నిఖాలో నా తరఫున మాట్లాడే మనిషి) ఇద్దరు సాక్షులూ గదిలోకి వచ్చి ఉర్దూలో ఏదో అడిగారు, మా పెద్దనాన్న ‘ఇష్టమేనా అని అడుగుతున్నారమ్మా’ అన్నాడు, నేను ‘ఊ’ అన్నాను. ఈ ‘ఊ’ ఏ కాలం అని క్లాసులో అడిగాను. కన్య మౌనంగా ఉన్నా ఒప్పుకున్నట్టే లెక్క, ‘ఊ’ అంటే ఎక్కువే అన్నాడు ఉస్తాద్ గారు.

ఆ రోజే హారూన్ రషీద్ కథ చెప్పాడు. ఖలీఫా ఒక పద్యం రాసి పంపించి ఖాజీ అబూ యూసుఫ్‌ను అడిగాడట: ఈ పద్యంలో మొగుడు పెళ్ళాంతో ‘నువ్వు తలాక్, తలాక్ గట్టి నిర్ణయం, మూడు’ అంటున్నాడు. ఆ ‘మూడు’ను సలాసున్ అని రెండు పేష్‌లతో చదివితే ఎన్ని, సలాసన్ అని రెండు జబర్‌లతో చదివితే ఎన్ని? ఖాజీగారికి ఇందులో తప్పు చేస్తానేమోనని భయం వేసింది. లేచి వ్యాకరణ పండితుడు కిసాయీ దగ్గరికి వెళ్ళాడు. ఆయన పడక మీద ఉండే చెప్పాడట: పేష్ అయితే ‘నువ్వు తలాక్’ దగ్గర మాట అయిపోయింది, తర్వాతది ‘పూర్తి తలాక్ అంటే మూడు’ అని ఊరికే చెప్పడం, కాబట్టి ఒక్క తలాకే. జబర్ అయితే ‘నువ్వు మూడుసార్లు తలాక్’. ఖలీఫా పంపిన బహుమతులను అబూ యూసుఫ్ కిసాయీకే పంపేశాడని కథ. మన జిరాక్సు అక్కడికి పోయి ఉంటే ఆ పెళ్ళాం గతి ఏమయ్యేదో!

ఇప్పుడు చెల్లెలి సంగతి. ఆమెను అడిగే రాస్తున్నాను.

ఆమె భర్త పెద్దల ముందు ఒక్కసారి తలాక్ చెప్పాడు. పద్ధతి ప్రకారమే. ఇద్దత్, అంటే తలాక్ తర్వాత భార్య ఆగాల్సిన గడువు, లోపల మనసు మారితే భర్త వెనక్కి తీసుకోవచ్చు. ఇద్దత్ దాటితే అతనికి ఆ హక్కు లేదు. ఆమెకు మూడో నెలసరి వచ్చిన రెండో రోజున అతనూ, వాళ్ళ పెద్దలూ తాడిపత్రి వచ్చారు, వెనక్కి తీసుకుంటున్నాం అని. ఆమెకు ఇష్టం లేదు. మా చిన్నాయన కొడుకు ఫోన్‌లో వెతికి, మూడో నెలసరి మొదలవగానే ఇద్దత్ అయిపోతుందని రాసి ఉంది చూడండి అన్నాడు. మసీదు హజ్రత్ గారేమో ‘కాదు, ఆ నెలసరి పూర్తయితేనే’ అన్నాడు. ఇంకొకాయన మూడు నెలలు అన్నాడు. మా నాయన బీడీ వెలిగించుకుని బయటికి పోయాడు. ఏది నిజమో, ఎందుకు నిజమో ఆ రోజు మా ఇంట్లో ఒక్కరికీ తెలియదు.

పదకొండో వారంలో ఉస్తాద్ గారు బోర్డు మీద ‘సలాసత ఖురూ’ అని రాశాడు. రెండో సూరా 228. తలాక్ అయిన స్త్రీలు మూడు ‘ఖురూ’ల దాకా ఆగాలి. ఖుర్ అన్న మాటకు అరబ్బీలో రెండు అర్థాలూ ఉన్నాయి: నెలసరి అనీ, రెండు నెలసరుల మధ్య శుద్ధిగా ఉండే రోజులనీ. ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. షాఫయీలు, మాలికీలు శుద్ధి రోజులు అంటారు. వాళ్ళ సాక్ష్యం అంకె. అరబ్బీలో మూడు నుంచి పది వరకు అంకెలది తిరకాసు వ్యవహారం. లెక్కపెట్టే వస్తువు పుంలింగమైతే అంకె స్త్రీలింగం వేషం వేస్తుంది, అది స్త్రీలింగమైతే ఇది పుంలింగం. ఇక్కడ అంకె ‘సలాసత’, చివర స్త్రీలింగం గుర్తు ఉంది. కాబట్టి లెక్కపెట్టేది పుంలింగం. శుద్ధికి మాట తుహ్ర్, పుంలింగం. నెలసరికి హైజత్, స్త్రీలింగం. కాబట్టి శుద్ధి రోజులే.

వినగానే కేసు గెలిచామనుకున్నాను. శుద్ధి రోజుల లెక్కలో, శుద్ధిగా ఉన్నప్పుడు చెప్పిన తలాక్‌కు ఆ మిగిలిన రోజులు కూడా ఒకటిగా పడతాయి, మూడో నెలసరి మొదలవగానే ఇద్దత్ ముగుస్తుంది. అంటే వాళ్ళు వచ్చేసరికే గడువు దాటిపోయింది.

ఉస్తాద్ గారు అక్కడ ఆగలేదు, హనఫీ టోపీ పెట్టుకున్నాడు. అంకె చూసేది అర్థాన్ని కాదు, పక్కనున్న మాటను. పక్కనున్న మాట ఖుర్. దాని అర్థం ఏదైనా కానీ, మాటగా అది పుంలింగమే. కాబట్టి ‘సలాసత’ ఏమీ నిరూపించదు. పైగా ‘మూడు’ అంటే ఖచ్చితంగా మూడు. శుద్ధి రోజుల మధ్యలో తలాక్ చెప్తే ఆ ముక్కను కలుపుకుని రెండూ చిల్లర అవుతుంది గానీ నిండు మూడు కాదు. మూడూ నిండుగా రావాలంటే నెలసరులే లెక్కపెట్టాలి. క్లాసు నిశ్శబ్దం. నేను పేరోల్ మనిషిని, సగం రోజుకు పూర్తి రోజు జీతం ఇవ్వమంటే నేనూ ఒప్పుకోను. ఆ వాదం బలం నాకు తెలిసింది, అందుకే కోపం కూడా వచ్చింది.

ఇంకో సంగతి ఆ రోజు ఒక లా చదివే అమ్మాయి చెప్పింది. విడాకులు పొందిన ముస్లిం స్త్రీల హక్కుల కోసం వచ్చిన 1986 చట్టంలో ఇద్దత్‌కు నిర్వచనం ఉంది: నెలసరి వచ్చేవాళ్ళకు మూడు నెలసరులు, రానివాళ్ళకు మూడు చాంద్రమాన నెలలు, గర్భవతి అయితే కాన్పు దాకా. అంటే వెయ్యేళ్ళు దాటిన ఈ వ్యాకరణ తగాదాలో మన పార్లమెంటు ఒక పక్క చేరిపోయింది. ఆ రోజు ‘మూడు నెలలు’ అన్నాయన చెప్పింది నెలసరి రానివాళ్ళ లెక్క, 65వ సూరాలోది.

నా అసలు ఫిర్యాదు ఇక్కడే. అదే 228లో, భర్తలకు వెనక్కి తీసుకునే హక్కు ఉందని చెప్పి, వెంటనే ‘ఇన్ అరాదూ ఇస్లాహన్’ అని ఉంది: వాళ్ళు సరిదిద్దుకోవాలని కోరుకుంటే. ‘ఇన్’ అంటే ‘అయితే’. షరతు. మా చెల్లెలి భర్త వచ్చింది సరిదిద్దుకోవడానికి కాదు, ఊళ్ళో పరువు కోసం. చెయ్యెత్తి అడిగాను. భర్త ఉద్దేశం చెడ్డదైతే అతనికి పాపం, కానీ వెనక్కి తీసుకోవడం చెల్లుతుందని ఎక్కువమంది పండితులు అన్నారు అని ఆయన చెప్పాడు. నూన్ రాలిందా లేదా అని రెండున్నర గంటలు చూసినవాళ్ళు, జబర్‌కూ పేష్‌కూ కేసులు నడిపినవాళ్ళు, ఈ ‘ఇన్’ దగ్గరికి వచ్చేసరికి ‘అది అతని మనసుకు సంబంధించింది’ అని ఎలా దాటేశారు? ఆయన వెంటనే జవాబివ్వలేదు. ‘మంచి ప్రశ్న, వచ్చే వారం’ అన్నాడు. వచ్చే వారం ఆఖరి క్లాసు, సర్టిఫికెట్లూ ఫోటోలూ బిర్యానీతో అయిపోయింది. చెల్లెలు ఏడాది తర్వాత ఖులా, అంటే భార్య కోరి తీసుకునే విడాకులు, తీసుకుంది. ఇప్పుడు బాగానే ఉంది.

మిగతా లోపాలు గబగబా చెప్పేస్తాను. భర్తకు భార్య మీద ఉండే అధికారం గురించిన నాలుగో సూరా 34వ ఆయత్‌ను ఇరవై నిమిషాల్లో తోసేశారు. అందరూ దాని కోసమే వచ్చారు, అదే జారవిడిచారు. తలాక్ తర్వాత భార్యకు ఆసరాగా ఇవ్వాల్సిన ‘మతా’ గురించి అసలు లేదు. 1985 షా బానో తీర్పులో సుప్రీంకోర్టు మతా గురించిన ఆయత్ అనువాదాల దాకా వెళ్ళింది. 2024 జులైలో తెలంగాణ నుంచి వెళ్ళిన కేసులో భరణం హక్కు గురించి మళ్ళీ తీర్పు వచ్చింది. ఒక్క ఆదివారం దానికి ఇచ్చి ఉండాల్సింది. ఆడవాళ్ళను తెర పక్కన కూర్చోబెట్టారు, మొదటి రెండు వారాలు బోర్డు సగమే కనిపించేది. అడిగితే మూడో వారం బోర్డు జరిపారు, కాబట్టి దానికి మార్కులు తియ్యను. ఆడియో రికార్డింగ్ లేదు, ఒక వారం తప్పిపోతే అంతే సంగతులు. సర్టిఫికెట్ ఎందుకూ పనికిరాదు, కాగితం మాత్రం మందంగా ఉంది.

ఎలా వెళ్ళాలంటే, నేను కె.ఆర్. పురంలో మెట్రో ఎక్కి హలసూరులో దిగి ఆటో పట్టుకునేదాన్ని. ఆదివారం పొద్దున ట్రాఫిక్ ఉండదు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం మాస్క్ రోడ్డు మీద తినకుండా రాలేరు, దానికి విడిగా డబ్బు పెట్టుకోండి.

జిరాక్సుల గురించి నిర్వాహకులకు చెప్పాను. ‘వచ్చే బ్యాచ్‌కి ప్రింటు వేయిస్తాం’ అన్నారు. ఈలోపు నా నోట్సులో 17వ పేజీ మీద ఎర్ర పెన్నుతో ఒక జబర్, ఒక పేష్ పెట్టుకుని ఫోటో తీసి చెల్లెలికి పంపించాను. ‘ఇందులో తేడా ఏముందక్కా’ అని ఫోన్ చేసింది. చెప్పాను. అంతా విని, ఆన్‌లైన్‌లో ఉందా ఈ క్లాసు, ఫీజెంత అని అడిగింది. ఆన్‌లైన్‌లో లేదు. పెడితే బాగుంటుంది, తాడిపత్రి నుంచి కనీసం ఒకరు చేరతారు.